సిలిండర్‌లో ఆపడమా, గొట్టంలో కడగడమా: మోటార్‌హోమ్ డీజిల్ ఇంజిన్ల ముందున్న ఎంపిక

అమెరికాలో 2010లో పెద్ద డీజిల్ మోటార్‌హోమ్, అంటే లోపలే ఇల్లులా గదులున్న బండి, కొనబోయినవారి ముందు అంతకుముందు ఎన్నడూ లేని ప్రశ్న ఒకటి నిలిచింది. డీజిల్ ట్యాంకుతో పాటు నీలం మూత ఉన్న మరో ట్యాంకును, అందులో యూరియా కలిపిన నీటిని ఎప్పుడూ మోసుకు తిరిగే ఇంజిన్ తీసుకోవాలా, లేక ఆ రెండో ద్రవంతో పనే లేదని హామీ ఇస్తున్న ఇంజిన్ తీసుకోవాలా? మొదటి దారిలో కమిన్స్ అనే ఇంజిన్ల కంపెనీ ఉంది, రెండో దారిలో లారీలు, ఇంజిన్లు చేసే నావిస్టార్ ఉంది. రెండో ట్యాంకు అంటే రెండో బాధ్యత కనుక అది లేని ఇంజినే మేలని అనిపించడం సహజం. కానీ ఆ ట్యాంకు మీదే చూపు నిలిపితే అసలు విషయం కనబడదు. ఇంజిన్‌లో పుట్టే విషవాయువును ఎక్కడ అదుపు చేస్తున్నారు, అందుకయ్యే మూల్యాన్ని వేడి రూపంలో చెల్లిస్తున్నామా, మసి రూపంలోనా, ద్రవం రూపంలోనా అన్నది చూస్తే తప్ప ఈ రెండు దారులలో ఏది మోటార్‌హోమ్‌కు నప్పుతుందో తేలదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. అమెరికాలోని మన కుటుంబాలు సెలవుల్లో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లడానికి అద్దెకు తీసుకునే ఆర్వీలలో (మోటార్‌హోమ్‌లను అక్కడ అలా కూడా అంటారు) ఎక్కువ భాగం ఫోర్డ్ పెట్రోలు ఇంజిన్లతో నడిచేవే. వాటికి ఈ చర్చతో సంబంధం లేదు. ఇక్కడ చెబుతున్నది వెనక భాగంలో పెద్ద ఇంజిన్ అమర్చిన డీజిల్ పుషర్ల గురించి, మెర్సిడెస్ స్ప్రింటర్ లాంటి వ్యానుల మీద కట్టిన చిన్న మోటార్‌హోమ్‌ల గురించి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ మంట ఎంత వేడిగా, ఎంత ఎక్కువ ఆక్సిజన్‌తో మండితే ఇంజిన్ అంత సమర్థంగా పనిచేస్తుంది, మసి కూడా అంత తక్కువగా వస్తుంది. అయితే ఆ వేడిలోనే మామూలుగా చలనం లేకుండా పడి ఉండే గాలిలోని నైట్రోజన్ విడిపోయి ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఇలా పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లనే ఇంజిన్ల వారు నాక్స్ అంటారు. ఎండలో ఇవి ఇతర ఆవిర్లతో కలిసి నేల మట్టంలో ఓజోన్‌ను తయారు చేస్తాయి. ఊపిరితిత్తులకు చేరే సూక్ష్మ ధూళిగానూ మారతాయి. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల లోయలను కప్పే పొగమంచుకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

మంటను చల్లబరిస్తే నాక్స్ తగ్గుతుంది, కాని మసి పెరుగుతుంది. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న ఎవరికైనా ఇందులో సగం తెలిసిందే: ఊదుగొట్టంతో గట్టిగా ఊదితే మంట భగ్గుమని లేచి పొగ పోతుంది, ఊదడం ఆపితే మంట మందగించి కళ్లు మండేంత పొగ కమ్ముతుంది. పొయ్యి దగ్గర మనకు కనబడని మిగతా సగం ఏమిటంటే, భగ్గుమన్న మంటకు దాని సొంత విషం ఉంది. డీజిల్ ఇంజిన్ల ఉద్గార నియంత్రణ చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య నలిగిన చరిత్రే. ఒకదాన్ని నొక్కితే మరొకటి లేస్తుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, 2001లో ప్రకటించిన నియమం ఈ రెండింటినీ ఒకేసారి నొక్కమంది. భారీ వాహనాల డీజిల్ ఇంజిన్లు 2007 నుంచి హార్స్‌పవర్-గంటకు, అంటే ఒక హార్స్‌పవర్ శక్తితో గంటసేపు చేసే పనికి, 0.01 గ్రాముకు మించి మసి వదలకూడదు. నాక్స్ దశలవారీగా తగ్గుతూ 2010 నాటికి 0.20 గ్రాముకు చేరాలి. దీనికి వీలుగా డీజిల్‌లోని గంధకాన్ని 2006 నుంచి పది లక్షల భాగాలకు 500 బదులు 15కు తగ్గించమని రిఫైనరీలను ఆదేశించారు, ఎందుకంటే గంధకం ఉంటే ఎగ్జాస్ట్ గొట్టంలో పెట్టే ఉత్ప్రేరకాలు పాడైపోతాయి. మసి సంగతి 2007లోనే తేలింది: పింగాణీ లాంటి పదార్థంతో చేసిన జల్లెడను గొట్టంలో బిగించారు. దీన్నే డీపీఎఫ్ అంటారు. నాక్స్ విషయంలో మాత్రం దశలవారీ వెసులుబాటు వల్ల 2007, 2009 మధ్య చాలా ఇంజిన్లు సుమారు 1.2 గ్రాముల దగ్గర నిలిచాయి. అంటే 2010లో దాటవలసిన మెట్టు చిన్నది కాదు. నాక్స్‌ను ఒక్కసారిగా ఆరో వంతుకు కుదించాలి.

ఆ మెట్టు ఎక్కడానికి మూడు దారులు కనిపించాయి. మొదటిది ఈజీఆర్: బయటకు పోయే ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగాన్ని వెనక్కు మళ్లించి, కూలర్‌లో చల్లార్చి, మళ్లీ సిలిండర్‌లోకి పంపడం. అందులో ఆక్సిజన్ తక్కువ, వేడిని పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎక్కువ. కనుక మంట చల్లబడుతుంది, నాక్స్ పుట్టడమే తగ్గుతుంది. రెండోది ఎస్‌సీఆర్: సిలిండర్‌లో మంటను బాగానే మండనిచ్చి, పుట్టిన నాక్స్‌ను గొట్టంలో పట్టుకోవడం. వేడి ఎగ్జాస్ట్‌లోకి యూరియా ద్రావణాన్ని చిమ్మితే అది అమోనియాగా మారుతుంది. ఆ అమోనియా ఉత్ప్రేరకం మీద నాక్స్‌తో కలిసి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా విడిపోతుంది. మూడోది నాక్స్‌ను స్పంజిలా పీల్చుకుని, అప్పుడప్పుడు ఎక్కువ ఇంధనం పంపి కడుక్కునే ఉత్ప్రేరకం. దీనితోనే కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిన్ ఉన్న డాడ్జ్ రామ్ పికప్ 2007లోనే 2010 నాటి పరిమితిని అందుకుంది. అయితే ఖరీదైన లోహాలు, ఇంధన ఖర్చు, మిగిలిన కాస్త గంధకాన్నీ ఓర్చుకోలేని స్వభావం వల్ల అది పెద్ద ఇంజిన్లకు పాకలేదు. ఆ పికప్ కూడా 2013 మోడల్ నుంచి ఎస్‌సీఆర్‌కే మారింది.

నిజానికి కమిన్స్ కూడా తన పెద్ద ఇంజిన్‌ను యూరియా లేకుండానే 2010 దాటించాలని మొదట అనుకుంది. 2008 ఆగస్టులో ఆ ఆలోచన మార్చుకుని తన లారీ ఇంజిన్లన్నింటికీ ఎస్‌సీఆర్ పెడతామని ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందే, అంటే జూన్‌లో, మోటార్‌హోమ్ యజమానులకు ఎంతో ఇష్టమైన సీ7, సీ9, సీ13 ఇంజిన్లు తయారుచేసే క్యాటర్‌పిల్లర్ 2010 తర్వాత రోడ్డు వాహనాలకు ఇంజిన్లు ఇవ్వబోమని చెప్పింది. వోల్వో, డెట్రాయిట్ ఇంజిన్ల కంపెనీలు ఎస్‌సీఆర్ దారిలోనే నడిచాయి. ఈజీఆర్ ఒక్కదానితోనే గట్టెక్కుతామని నిలబడింది నావిస్టార్ మాత్రమే. నియమాన్ని పాటించే భారం తయారీదారు మీద ఉండాలి గాని, యూరియా పోయించుకునే పనిగా కొనుగోలుదారు మీద పడకూడదన్నది దాని వాదన. విన్నప్పుడు ఇది న్యాయమైన మాటగానే తోస్తుంది. ఆ భారం నిజంగా ఎవరి మీద పడిందో తర్వాత తెలిసింది.

మోటార్‌హోమ్ రంగంలో ఈ చీలిక కొనుగోలుదారు చేతిలో ఉన్నంత స్వేచ్ఛగా ఏమీ జరగలేదు. ఛాసీ, అంటే గదులను పైన కట్టే బండి చట్రం, ఎవరిదైతే ఇంజిన్ వారి నిర్ణయం. దక్షిణ కెరొలైనాలోని గాఫ్నీలో ఛాసీలు కట్టే ఫ్రైట్‌లైనర్ కస్టమ్ ఛాసీ, మిషిగన్‌లోని స్పార్టన్ కమిన్స్ ఇంజిన్లు వాడేవి. నావిస్టార్ 2005లోనే వర్క్‌హార్స్ అనే ఛాసీ కంపెనీని కొన్నది. 2009లో దివాలా తీసిన మొనాకో కోచ్ ఆస్తులనూ కొన్నది. దానితో మొనాకో బండ్లలో నావిస్టార్ వారి మ్యాక్స్‌ఫోర్స్ ఇంజిన్లు రావడం మొదలైంది. ఆలబామాలోని టిఫిన్ కూడా తన చిన్న పుషర్ అయిన అలెగ్రో బ్రీజ్‌లో మ్యాక్స్‌ఫోర్స్ 7 పెట్టింది. అంటే ఏ గదుల అమరిక నచ్చిందన్నదాన్ని బట్టి ఏ ఉద్గార సాంకేతికత దక్కుతుందన్నది చాలామంది విషయంలో తెలియకుండానే నిర్ణయమైపోయింది.

ఇప్పుడు ఈ రెండు దారులనూ మోటార్‌హోమ్ కళ్లతో చూడాలి, ఎందుకంటే ఈ ఇంజిన్లన్నీ లారీల కోసం పుట్టినవి. దూరప్రయాణం చేసే లారీ ఏడాదికి లక్ష మైళ్లు తిరుగుతుంది. మోటార్‌హోమ్‌ను చాలామంది ఏడాదికి కొన్ని వేల మైళ్లకు మించి నడపరు. లారీకి ఇంజిన్ ముందు ఉంటుంది, ఎదురుగాలి నేరుగా రేడియేటర్‌కు తగులుతుంది. డీజిల్ పుషర్‌కు ఇంజిన్ వెనక ఉంటుంది, రేడియేటర్ దాని పక్కనో వెనకనో ఉంటుంది, దానికి గాలి అందించే పని మొత్తం ఫ్యాన్‌దే. ఈ రెండు తేడాలూ చిన్నవిగా కనిపిస్తాయి గాని, ఎంపికంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఈజీఆర్‌లో వెనక్కు మళ్లించే వాయువు కొన్ని వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. మామూలుగా అయితే ఆ వేడి గొట్టంలోంచి బయటకు పోయేది. దాన్ని చల్లార్చి సిలిండర్‌లోకి పంపాలంటే ఆ వేడంతా కూలెంట్‌లోకి, అక్కడి నుంచి రేడియేటర్‌లోకి పోవాలి. ఎంత ఎక్కువ వాయువు మళ్లిస్తే అంత ఎక్కువ వేడి రేడియేటర్ పాలవుతుంది. కొలరాడోలో 11,000 అడుగుల ఎత్తున ఉన్న ఐసన్‌హోవర్ సొరంగం వైపు, వెనక ఒక కారును లాగుతూ ఎక్కే మోటార్‌హోమ్‌ను తలచుకోండి: బరువు ఎక్కువ, వేగం తక్కువ, గాలి పలచన, ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతూ ఇంజిన్ శక్తిలోనే కొంత తినేస్తూ ఉంటుంది. వెనక రేడియేటర్ ఉన్న పాత బండ్లలో క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరికి రోడ్డు ధూళి అంటుకుని రేడియేటర్ రెక్కల మధ్య పొరలా పేరుకోవడం కూడా ఉంది. అలాంటి చోట అదనపు వేడిని మోపే సాంకేతికత, ఎదురుగాలి ఉన్న లారీలో కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండో ట్యాంకు అక్కరలేదని సంతోషించిన కొనుగోలుదారుకు అమ్మకపు పత్రంలో కనిపించని మూల్యం ఇదే.

రెండో మూల్యం మసి. మంటను అంతగా చల్లబరిస్తే మసి పెరుగుతుందని చెప్పుకున్నాం. ఆ మసి డీపీఎఫ్‌లో త్వరగా నిండుతుంది, ఈజీఆర్ కూలర్‌లోనూ వాల్వులోనూ పేరుకుంటుంది, కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. నిండిన డీపీఎఫ్‌ను శుభ్రం చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఎగ్జాస్ట్ తగినంత వేడిగా ఉండి, అందులో నైట్రోజన్ డయాక్సైడ్ తగినంత ఉంటే మసి దానంతటదే నెమ్మదిగా కాలిపోతుంది. అలా జరగనప్పుడు అదనంగా డీజిల్ చిమ్మి, జల్లెడను 550 నుంచి 600 డిగ్రీల దాకా వేడెక్కించి, మసిని కాల్చాలి. దీన్నే రీజెన్ అంటారు. ఎస్‌సీఆర్ ఇంజిన్‌లో నాక్స్ కొంత ఎక్కువగా, మసి తక్కువగా పుట్టనిస్తారు గనుక మొదటి పద్ధతి ఎక్కువగా పనిచేస్తుంది, బలవంతపు రీజెన్లు తగ్గుతాయి. క్యాంపుగ్రౌండ్‌లో ఎండుగడ్డి మీద నిలిపిన బండి కింద రీజెన్ మొదలైతే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ సంఖ్య తగ్గడం మోటార్‌హోమ్‌కు కేవలం ఇంధనం లెక్క కాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. కమిన్స్ ఎస్‌సీఆర్ ఇంజిన్లలో ఈజీఆర్ లేదనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2010 నాటి కమిన్స్ ఇంజిన్లలో ఈజీఆర్, డీపీఎఫ్, ఎస్‌సీఆర్ మూడూ ఉన్నాయి. ఎస్‌సీఆర్ చేసిందల్లా ఈజీఆర్ భుజాల మీది బరువును దించడమే. మితంగా వాడిన ఈజీఆర్ మంచి సేవకుడు. మొత్తం పని దాని నెత్తినే వేసినప్పుడు మాత్రం కుంగిపోయింది.

రెండో ట్యాంకు సంగతికి వస్తే, దాని భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఖర్చు భయం నిలవదు. ఏడాదికి 8,000 మైళ్లు, గాలనుకు 8 మైళ్ల చొప్పున నడిచే బండికి 1,000 గాలన్ల డీజిల్ కావాలి. యూరియా ద్రావణం డీజిల్‌లో 2 నుంచి 3 శాతం ఖర్చవుతుంది గనుక ఏడాదికి 20 నుంచి 30 గాలన్లు చాలు. మంటను మరింత సమర్థంగా మండనిచ్చినందుకు ఇంజిన్ రెండు మూడు శాతం డీజిల్ ఆదా చేసినా ఆ ఖర్చు అక్కడికక్కడే పూడుతుంది. దొరకదేమో అన్న భయమూ తీరింది. ఇప్పుడు లారీలు ఆగే ప్రతి పెద్ద బంకులోనూ దానికి పంపు ఉంది.

నిజమైన చిక్కు కాలానిది. అమెరికాలో డెఫ్ అనీ, యూరప్‌లో యాడ్‌బ్లూ అనీ పిలిచే ఈ ద్రావణంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తొలగించిన నీరు. అది ఎంతకాలం నిలుస్తుందన్నది ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటుంది: 10 డిగ్రీల సెల్సియస్ లోపు మూడేళ్లు, 25 డిగ్రీల దగ్గర ఏడాదిన్నర, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలు. లారీకి ఈ లెక్క అవసరమే రాదు, పోసింది కొద్ది రోజులలోనే అయిపోతుంది. అరిజోనా ఎండలో మే నుంచి అక్టోబర్ దాకా షెడ్డు కూడా లేకుండా నిలిపే మోటార్‌హోమ్‌కు ఇదే ముఖ్యమైన లెక్క. అందుకే బండిని దీర్ఘకాలం నిలిపే ముందు ట్యాంకు నిండుగా పోయించుకోవడం కంటే తక్కువగా ఉంచి, తిరిగి బయలుదేరేటప్పుడు కొత్తది పోయించుకోవడం నయమని నా అభిప్రాయం. చలి ప్రాంతాల వారికి గడ్డకట్టడం గురించి బెంగ ఉంటుంది. అది సున్నాకు దిగువ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాని దాని గుణం చెడదు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, వేడి కూలెంట్ ట్యాంకులోని గొట్టాలలో తిరిగి దాన్ని కరిగిస్తుంది.

మోటార్‌హోమ్‌కే ప్రత్యేకమైన మరో విషయం ఉంది, అది చాలామందికి ఎవరూ చెప్పరు. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఎస్‌సీఆర్ పంపు కాసేపు పనిచేసి, గొట్టాలలో మిగిలిన ద్రావణాన్ని ట్యాంకులోకి వెనక్కు లాగుతుంది. లారీ డ్రైవరు తాళం తీసి వెళ్లిపోతాడు, ఆ పని దానంతటదే జరిగిపోతుంది. మోటార్‌హోమ్ యజమానికి మాత్రం బండి నిలపగానే బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్ నొక్కే అలవాటు ఉంటుంది. వెంటనే నొక్కితే పంపు మధ్యలోనే ఆగి, మిగిలిన ద్రావణం ఆరి, తెల్లటి యూరియా స్ఫటికాలు నాజిల్‌లో పేరుకుంటాయి. కొన్ని నిమిషాలు ఆగడం తప్ప దీనికి వేరే వైద్యం అక్కరలేదు. అలాగే, ఎయిర్ కండిషనర్ కోసం పెద్ద ఇంజిన్‌ను గంటల తరబడి నిలిపిన చోటే నడపడం కంటే జనరేటర్ వాడడం మేలు. ఎగ్జాస్ట్ సుమారు 200 డిగ్రీల కంటే చల్లగా ఉంటే యూరియా సరిగ్గా విడిపోదు, డీపీఎఫ్‌లో మసి కాలదు. మోటార్‌హోమ్‌లలో ఉండే చిన్న డీజిల్ జనరేటర్లకు యూరియా అవసరమే లేదు.

ఈ ద్రావణం స్వచ్ఛత విషయంలో మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపితే అది ఎస్‌సీఆర్‌కు పనికిరాదు. 2015 నుంచి మన దేశంలో ఎరువుగా అమ్మే యూరియా మొత్తానికీ వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, ఎరువులోని ఇతర మలినాలు, బోరు నీటిలోని ఖనిజాలు ఉత్ప్రేరకాన్ని తిరిగి బాగుపడనంతగా పాడుచేస్తాయి.

రెండో ట్యాంకు మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటే ఉందని నేననుకుంటాను, అది ద్రవం గురించి కాదు, సెన్సార్ గురించి. ట్యాంకు ఖాళీ అయినా, నాసిరకం ద్రావణం పోసినా ఇంజిన్ ముందు హెచ్చరించి, తర్వాత శక్తి తగ్గించి, చివరకు గంటకు 5 మైళ్లకు మించి కదలకుండా చేసేలా ఏర్పాటు చేశారు. ఎస్‌సీఆర్‌ను ఎవరూ నిర్లక్ష్యం చేయకూడదన్న ఉద్దేశం సరైనదే. అయితే ట్యాంకులోని సెన్సార్ చెడిపోయినా కంప్యూటర్‌కు ద్రవం చెడినట్టే కనిపిస్తుంది. 2021 ప్రాంతంలో అనేక మోటార్‌హోమ్‌లలో ఈ సెన్సార్లు వరుసగా చెడిపోయాయి, చిప్‌ల కొరత వల్ల విడిభాగాలు నెలల తరబడి దొరకలేదు, ట్యాంకు నిండా మంచి ద్రావణం ఉన్న బండ్లు దారి మధ్యలో గంటకు 5 మైళ్ల వేగానికి పడిపోయాయి. లారీ నిలిచిపోతే సరుకు ఆలస్యమవుతుంది. మోటార్‌హోమ్ నిలిచిపోతే అందులో ఉన్నవారి ఇల్లే రోడ్డు మీద నిలిచిపోతుంది. యజమానుల సంఘాలు గట్టిగా అడిగిన తర్వాత, ఈపీఏ అనుమతితో, సెన్సార్ లోపం ఒక్కదానికే వేగం పడిపోకుండా చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2025 ఆగస్టులో ఈపీఏ ఇంకో అడుగు ముందుకు వేసి, ఇలాంటి హఠాత్తు పరిమితులను సడలించమని తయారీదారులకు మార్గదర్శకాలిచ్చింది. ఇది పదిహేనేళ్ల ముందే జరగవలసిన పని.

ఇక నావిస్టార్ దారి ఎక్కడికి చేరిందో చూద్దాం. దాని ఇంజిన్లు 0.20 గ్రాము పరిమితిని అందుకోలేదు, సుమారు 0.5 గ్రాము దగ్గర నిలిచి, అంతకుముందు నియమం కంటే శుభ్రమైన ఇంజిన్లు చేసి కూడబెట్టుకున్న క్రెడిట్లతో చట్టాన్ని దాటుతూ వచ్చాయి. పెద్ద ఇంజిన్ల క్రెడిట్లు తరిగిపోతుండగా, ఇంజిన్‌కు 1,919 డాలర్ల వరకు జరిమానా కట్టి అమ్ముకోవచ్చని 2012 జనవరిలో ఈపీఏ తాత్కాలిక నియమం తెచ్చింది. యూరియా దారికి డబ్బు ఖర్చుపెట్టిన పోటీ కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. ఆ ఏడాది జూన్ 12న వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. జూలైలో నావిస్టార్ యూరియా పద్ధతికి మారుతున్నట్టు ప్రకటించింది, చివరికి తన ప్రత్యర్థి కమిన్స్ నుంచే ఎస్‌సీఆర్ పరికరాలు తీసుకుంది. మొనాకోను 2013లో అమ్మేసింది. 2011 నుంచి 2014 వరకు వచ్చిన మ్యాక్స్‌ఫోర్స్ 11, 13 ఇంజిన్ల లారీల యజమానులు ఉద్గార వ్యవస్థ లోపభూయిష్టమని వేసిన వ్యాజ్యం, కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే, 13.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. కొనుగోలుదారు మీద భారం పడకూడదన్న వాదన చివరికి ఇలా తేలింది.

ఎస్‌సీఆర్ పెట్టినంత మాత్రాన గాలి శుభ్రపడుతుందనీ అనలేం. ఎంత యూరియా చిమ్మాలో, ఎప్పుడు చిమ్మాలో నిర్ణయించేది సాఫ్ట్‌వేరే. 2010 నుంచి అమెరికా స్ప్రింటర్‌లో ఎస్‌సీఆర్ ఉంది. అయినా దాదాపు రెండున్నర లక్షల కార్లు, స్ప్రింటర్ వ్యానులలో ఉద్గార పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ ఉందన్న ఆరోపణపై మెర్సిడెస్ తయారీదారు డైమ్లర్ 2020లో అమెరికా ప్రభుత్వంతో 150 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. రామ్ పికప్‌లకు ఇచ్చిన ఇంజిన్ల విషయంలో కమిన్స్ కట్టడానికి ఒప్పుకున్న జరిమానా 167.5 కోట్ల డాలర్లు. రెండు కంపెనీలూ తప్పును అంగీకరించలేదు. కానీ యంత్రం మంచిదైతే చాలదనడానికి ఈ రెండు అంకెలు చాలు.

యూరప్‌లో ఇదే పోరు ఒకే ఫ్యాక్టరీ గోడల మధ్య జరిగింది. ఇటలీలోని అటెస్సాలో ఒకే కర్మాగారంలో తయారయ్యే ఫియట్ డుకాటో, పెజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్ వ్యానులు పైకి ఒకేలా ఉంటాయి. యూరప్ మోటార్‌హోమ్‌లలో అధిక భాగం వీటి మీదే, ముఖ్యంగా డుకాటో మీద, కట్టినవి. యూరప్ ఉద్గార నియమాలైన యూరో 6 వచ్చినప్పుడు పెజో, సిట్రోయెన్ యాడ్‌బ్లూ వైపు వెళ్లాయి. ఫియట్ మాత్రం తక్కువ పీడనపు ఈజీఆర్‌తో యాడ్‌బ్లూ లేకుండానే నెట్టుకొచ్చింది. నిజమైన రోడ్డు మీద కొలిచే కఠినమైన పరీక్షలు వచ్చాక, 2019లో డుకాటో కూడా యాడ్‌బ్లూ ట్యాంకు పెట్టుకుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లారీ యజమానులకు ఈ కథ పరిచితంగానే తోచాలి. 2017లో దేశమంతటా భారత్ స్టేజ్-4 వచ్చినప్పుడు అశోక్ లేలాండ్ యూరియా అక్కరలేని ఈజీఆర్ పద్ధతిని తన గొప్పగా చెప్పుకుంది. ఆ స్థాయి పరిమితులకు అది సరిపోయింది కూడా. మితంగా వాడిన ఈజీఆర్ బలం అక్కడ కనిపించింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 వచ్చాక భారీ లారీలలో ఎస్‌సీఆర్ తప్పనిసరి అవసరమైపోయింది. నావిస్టార్ పేరు కూడా మనకు మరీ దూరపుది కాదు. మహీంద్రాతో కలిసి అది ఇక్కడ లారీలు తయారుచేసింది, మ్యాక్స్‌ఫోర్స్ 7.2 ఇంజిన్ ఆ బండ్లలో మన రోడ్ల మీద తిరిగింది.

ఇప్పుడు అమెరికాలో పాత డీజిల్ మోటార్‌హోమ్ కొనేవారికి ఈ చరిత్రంతా ఒక లోహపు పలక మీదకు వచ్చి చేరుతుంది. బండి మోడల్ సంవత్సరం, ఛాసీ సంవత్సరం, ఇంజిన్ సంవత్సరం మూడూ వేరు కావచ్చు. 2010 లేదా 2011 మోడల్ అని అమ్మే బండిలో 2009లో తయారైన ఇంజిన్ ఉండవచ్చు; దానికి డీపీఎఫ్ ఉంటుంది, ఎస్‌సీఆర్ ఉండదు, నాక్స్ పరిమితి పాతది. అలాంటి ఇంజిన్, ఈజీఆర్ మీదే పూర్తిగా ఆధారపడిన 2010–2013 ఇంజిన్ కంటే మోటార్‌హోమ్ వాడకానికి తక్కువ బాధ పెడుతుందని నా నమ్మకం, ఎందుకంటే దానిలోని ఈజీఆర్ మీద అంత భారం వేయలేదు. ఎస్‌సీఆర్ ఉన్న ఇంజిన్ అయితే సెన్సార్ మార్చారా, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారా అని రసీదులు అడగాలి. డీపీఎఫ్‌నో ఎస్‌సీఆర్‌నో పీకేసిన బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. అలా పీకేయడం స్వచ్ఛ గాలి చట్టానికి విరుద్ధం, బాగు చేయించాలంటే ఆ ఆదా మొత్తం అక్కడే పోతుంది. ఇంజిన్ మీద ఉద్గారాల వివరాలు ముద్రించిన ఆ పలకలో తయారీ తేదీ, ధ్రువీకరణ సంవత్సరం, వాడిన ఉద్గార పరికరాల పేర్లు ఉంటాయి. పడకగది మంచం ఎత్తితే ఇంజిన్ మూత కనిపిస్తుంది. టార్చిలైటు తీసుకుని, డబ్బు ఇచ్చే ముందే ఆ పలక చదవాలి.